ముప్ఫయ్యో గాటు

(స్వీడన్, 1753 ఫిబ్రవరి పదిహేడు, రాత్రి)

రేపు లేదట.
మొన్న ఆదివారం పాస్టరు చదివి వినిపించాడు:
బుధవారం రాత్రి ఫిబ్రవరి పదిహేడున పడుకుని
తెల్లారి మార్చి ఒకటిన లేస్తాం.
పక్కింటి మోన్స్‌కి ఒకటే దిగులు,
మధ్యలో పదకొండు రోజుల కూలి ఎవడిస్తాడని.
నాకు నవ్వొచ్చింది.
రోజులు పోవడం వీళ్ళకి కొత్త.

నేను పుట్టింది పన్నెండో సంవత్సరం
ఫిబ్రవరి ముప్ఫై.
అవును, ముప్ఫై.

మంత్రసాని ఇంగెల్ గడ్డకట్టిన సరస్సు మీద
గొర్రెతోలు చెప్పులతో నడిచొచ్చి బొడ్డు కోసింది.
చర్చిలో గంట కొట్టే బోత్విద్
జనన పుస్తకం తెరిచి, మూసి,
ఊపిరితో సిరా కరిగించి, మళ్ళీ తెరిచాడట.

ఆ బోత్విదే నాకు చెప్పాడు తర్వాత:
"సూర్యుడి దగ్గర చిల్లర ఉండదే, సిగ్రిడ్.
మూడొందల అరవై అయిదు రోజులు చేతిలో పెట్టి
పైన అయిదు గంటల నలభై ఎనిమిది నిమిషాలు
బాకీ అంటాడు.
మనం ఉజ్జాయింపుగా ఆరనుకుని
నాలుగేళ్ళకో రోజు రాసేసుకున్నాం.
ఏడాదికి పదకొండు నిమిషాల దొంగ లెక్క.
వందల ఏళ్ళకి అదీ రోజులైంది."

మా పెద్దలు మెల్లగా తీరుద్దామనుకున్నారు,
నలభై ఏళ్ళపాటు ఒక్కో లీపు రోజూ మింగుతూ.
పదిహేడొందల్లో ఒకటి మింగారు.
ఇంతలో యుద్ధం.
నాలుగులో మర్చిపోయారు, ఎనిమిదిలో మర్చిపోయారు.
రష్యా లెక్కా కాదు, డెన్మార్క్ లెక్కా కాదు,
పన్నెండేళ్ళు ఎవరివీ కాని తేదీల్లో
మావాళ్ళు కోశారు, నూర్చారు, చచ్చారు.
చివరికి విసుగెత్తి మింగింది కక్కారు.
కక్కిన ఆ రోజే నాది.

మా నాన్నకి చదువు రాదు.
ఆయన పంచాంగం ఒక బర్చి కర్ర,
మూడొందల అరవై అయిదు గాట్లు.
లీపు రోజుకే చోటు లేదు దాని మీద,
ముప్ఫైకి ఎక్కడ?
కాసేపు అటూ ఇటూ తిప్పి
పిడి అడుగున, అరచేయి ఆనేచోట,
ఒక గాటు పెట్టాడు.

ఇరవై తొమ్మిదిన పుట్టిన హల్వర్‌కి
నాలుగేళ్ళకోసారి వాళ్ళమ్మ గుడ్డు ఉడకబెట్టేది.
వాడు నాకేసి చూస్తూ మెల్లగా వలిచేవాడు
భూస్వామి కొడుకులా.

ఇప్పుడు కర్ర నా ఒళ్ళో ఉంది.
బొటనవేలు పదిహేడు దాటించి
పదకొండు గాట్లూ తడిమాను, ఉన్నాయి.
కొయ్యకి రాజుగారి ఉత్తర్వు అందలేదు.
అడుగున నాది మాత్రం
నాన్న చెమటకీ నా చెమటకీ అరిగి
గోరుకి తగిలీ తగలనట్టుంది.

అవతల కొట్టంలో ఆవు నిండుగా ఉంది.
రాత్రికే ఈనేలా ఉంది.
రేపు లేదని దానికెవరూ చెప్పలేదు.
లాంతరులో కొవ్వు వేసుకుని
వెళ్తున్నాను.