వెనక్కి వాలిన గీత

క్లాక్స్‌విక్ రేవు ఆఫీసులో రాత్రి పదకొండు.
హీటరు టిక్కుటిక్కుమంటోంది.
కిటికీ అవతల ఫెర్రీ దీపం ఒక్కటే
వానలో నానుతోంది.

హనుస్ తాత నలభై ఏళ్ళు రాసిన పడవల చిట్టా
ఇప్పుడు నా ముందు ఒకే ఒక ఫైలు.
తిరిగిరానివాళ్ళ పేరు చివర
ఒక చుక్క, దాన్నానుకుని ఒక నక్షత్రం వేసేవాడు.
నేల మీదిదొకటి, నింగిలోదొకటి,
రెండూ చుక్కలే.
రాయి చెక్కే తొర్మోద్‌కి శుక్రవారంలోగా పేర్లు కావాలి.

ఆ రెండు చుక్కల్నీ కొటేషన్లలో చుట్టి
గ్రెప్ చేతికిచ్చాను.
ఊరంతా వచ్చేసింది.
పద్నాలుగొందల వరసలు!
కొటేషన్లు గుమ్మం దగ్గర షెల్‌ని ఆపుతాయి,
లోపలి మనిషి చదువు లోపలి మనిషిదే.
గ్రెప్‌కి చుక్కంటే ఎవరైనా ఒకరు,
నక్షత్రమంటే ఎందరైనా సరే.
సముద్రం లెక్కా ఇంతే కాబోలు.
మునిగినవాళ్ళలో మా నాన్న ఉన్నాడు,
పక్కవీధిలో గురకపెడుతున్నవాడు.
హనుస్ తాతే ఉన్నాడు,
నా వెనక బల్ల మీద కాఫీ ఊదుకుంటూ.

ఒక్కో చుక్క ముందూ
వెనక్కి వాలిన గీత పెట్టాను,
భుజం మీద చెయ్యేసి
"నువ్వింకెవరికీ బదులు కానక్కర్లేదు" అన్నట్టు.
పంతొమ్మిది పేర్లు వచ్చి నిలబడ్డాయి.

తాత వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. రెండుసార్లు.
"ఇరవై," అన్నాడు.
"ఎయ్దున్‌కి నేను నక్షత్రం వెయ్యలేదు.
ఎవరూ చూళ్ళేదు కదా."
చుక్క పక్కన ప్రశ్నగుర్తు వేశాట్ట,
తమ్ముడికి.

చేతివాటం కొద్దీ ప్రశ్నకీ గీత తగిలించాను.
మళ్ళీ ఊరంతా మునిగింది.
ఈ గ్రెప్ పాతకాలపుది:
ప్రశ్నని దాని మానాన వదిలేస్తే ప్రశ్నే,
గీత తోడైతేనే
"ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేదు" అని గొణుగుతుంది.
ఆ మాటకి అర్థం తాత అడిగాడు.
నాకు వినపడనట్టు ఉండిపోయాను.

గీతలన్నీ చెరిపేసి
పెద్ద ఎఫ్ ఒకటి చేర్చాను,
ఉన్నదున్నట్టు వెతకమని.
ఒకే వరస:
ఎయ్దున్ పి.?
ఫిబ్రవరి తేదీ, ముగ్గురు మనుషులు, సరుకు ఉప్పు.

ఇరవయ్యో పేరు పక్కన ఈ కొక్కెం ఏమిటని
రేపు తొర్మోద్ అడుగుతాడు.
చిట్టాలో ఎలా ఉందో అలాగే చెక్కమంటాను.

తాత కప్పు కడిగి బోర్లించాడు.
కోటు తొడుక్కోకుండానే
కిటికీ దగ్గర నిలబడ్డాడు,
రేవులోకి ఏదో వస్తున్నట్టు.