నడుమ యాడుందో

ముందుకు పోయేది మోటారుతోనే.
తిరిగేది మాత్రం సుంకన్నతో.
బండి పక్కనే నడుస్తా
ముందు ఇరుసుకు కట్టిన నైలాన్ తాడును
ఎడమకొకసారి, కుడికొకసారి గుంజేవాడు.
నేను రిమోటు పట్టుకోని
పాలిషింగ్ షెడ్డు గడప మింద నిలబడి
"ఇది దానంతట అదే పోతాది" అని
అందరికీ చెప్పుకుంటి.
అందరూ తాడును చూసి నవ్విరి.

బేతంచెర్లలో దుమ్ము కూడా తెల్లగుంటాది.
రాయి కోసిన నీళ్ళు కాలవలో పాల మాదిరి పోయి
ఎండినంక పెచ్చులు పెచ్చులుగా పగులుతాయి.
ఆ పగుళ్ళ మింద
ముక్కరాళ్ళు మోసే బండి ఇది.
పాత లూనా చక్రాలు నాలుగు,
ఇనప మంచం పట్టీలతో ఫ్రేము,
ఎవరింట్లోనో ఫ్యాను తిప్పలేక బయట పడిన బ్యాటరీ.

మొదట చిన్న సర్వో పెట్టినా.
కర్నూల్లో కొంటి, నాలుగునూర్ల యాభై.
ఒక్క మలుపు. అంతే.
లోపల ప్లాస్టిక్ పండ్లు
ఏడేండ్ల పిల్లోని పాలపండ్ల మాదిరి రాలిపాయె.

రెండోది మద్దిలేటి మామ తెచ్చిచ్చినాడు.
ముప్పైయేండ్లు తోలిన లారీని
తూకానికి అమ్మేసిన రోజు
అద్దం తుడిచే మోటారు ఒక్కటి ఊడబీక్కోని
లుంగీలో మూటగట్టుకోని వచ్చినాడంట.
"ఎన్ని వానలు తుడిచిందో ఇది,
మన కాడ పడనివి కూడా."

వెల్డింగు నేనే కొట్టినా.
టై రాడ్డుకు చెయ్యి అతికించి వైరు తగిలిస్తే
బలమంటే బలం,
చక్రం కింద గుండు ఉన్నా లెక్కచెయ్యదు.
కానీ దానికి తెలిసింది ఒకటే, పట్టుకునేది.
బటన్ మింద నుంచి నేను వేలు తీసినా
తిరిగిన చక్రం తిరిగినట్టే.
బండి గానుగెద్దయి
ఒకటే చోట సుట్లు కొట్టి కొట్టి
నల్లపలకల దొంతిని పడగొట్టింది.
మూడు పలకల ఖరీదు
ఓనరు నా కూలి పుస్తకంలో రాసుకున్నాడు.

మామ బీడీ ఆర్పి గొంతుకూచున్నాడు.
"తిప్పేదేముంది పాపా, ఎవురైనా తిప్పుతారు.
నల్లమల ఘాట్లో మలుపు దాటినంక
నేను స్టీరింగు తిప్పేవాణ్ణే కాదు.
అరచేతులు వదులు చేస్తే
దానికదే జారుకుంటా ఇంటికొచ్చేది.
దీనికి ఇల్లు యాడుందో
నువ్వు చెప్పినావా?"

చెప్పలేదు.
ఐటీఐలో నాకూ ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి అమ్మ రేడియో విప్పినా.
అది పలక్క పదేండ్లు,
వాల్యూం గుండీ మాత్రం
ఇంకా నున్నగా తిరుగుతాంది.
దాన్ని తీసి చక్రం కీలు నెత్తిన కూచోబెడితి.
చక్రం ఎంత తిరిగితే గుండీ అంత,
గుండీ ఎంత తిరిగితే బోర్డుకు ఆ అంకె,
సున్నా నుంచి వెయ్యిన్ని ఇరవైమూడు దాకా.
నడుమ అంటే ఐదునూర్ల పన్నెండు అనుకుంటి.
కాదు.
పొద్దున్నే షెడ్డు నేల మింద సుద్దతో గీత గీసి
బండిని తోసి, అంకె జరిపి,
మళ్ళా తోసి,
టీ రెండుసార్లు చల్లారినంక
నాలుగునూర్ల ఎనభైఏడు కాడ
గీత తప్పకుండా పోయింది.
లెక్క నడుమ వేరే, బండి నడుమ వేరే.

ఇప్పుడు తిప్పి వదిలితే
మోటారు కుయ్యిమని గొణిగి
వెనక్కొస్తాది.
పది బారలు పోయినంక మాత్రం
రవ్వంత ఎడమకు గుంజుతాది.
మామ చూసి
"నా లారీ గుణమే వచ్చె.
దాన్ని సరిచెయ్యాకు" అన్నాడు.
సరిచెయ్యలేదు.

సుంకన్నకు రిమోటు ఇచ్చినా.
నీడలో కూచోని తోలుకోరా అంటి.
వాడు రెండు బొటనవేళ్ళతో తిప్పుతానే
బండి పక్కన, ఎప్పుడూ నడిచే జాగాలోనే
అడుగులో అడుగేస్తా పోతాండాడు,
ఇప్పిన తాడును
ముంజేతికి నాలుగు సుట్లు సుట్టుకోని.

ఎందుకురా అంటే
కరెంటును నమ్మలేములే అక్కా అన్నాడు,
బండి మింద నుంచి కన్ను తిప్పకుండా.