ఖైతాన్‌లో దర్జీ షాపు పైగది

శుక్రవారం పొద్దున
ఎనిమిది కుర్చీలు గుండ్రంగా వేస్తాను.
రెండు కింది దర్జీవి,
జుమ్మా నమాజు అయ్యేలోగా తిరిగివ్వాలి.

కంపెనీవాళ్లు పెద్ద గది ఇస్తామన్నారు.
ఏసీ, నెలనెలా చెక్కు.
బదులుగా ఒక చిన్న రిపోర్టు చాలట,
ఎవరు ఏం చెప్పుకున్నారో.
మూడు నెలల అద్దె బాకీలో ఉన్నాం అప్పటికి.
జుబేదా అంకెను రెండుసార్లు చదివి
ఆ కాగితం మీదే చాయ్ కప్పు పెట్టింది.

అందుకే ఇక్కడ ఫ్యాను గొంతు పెద్దది.
బోర్డు లేదు, రిజిస్టరు లేదు.
గుమ్మంలో చెప్పులుంటాయి,
ఎవరివో అడగం.

ఆరు వారాలు క్రికెట్టు, దినార్ రేటు,
పక్క మంచం గురక.
ఏడో వారం ఎల్లేశం,
ముప్పయ్యో అంతస్తు అద్దాలు తుడిచేవాడు,
"తాడు గట్టిదే మేడమ్.
నా మీదనే నాకు నమ్మకం తక్కువైతాంది" అన్నాడు.

చదువుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఆగాయి.
ఇన్నాళ్లూ పేరు తప్ప ఏమీ చెప్పని మస్తానమ్మ
లేచి, కుర్చీ బర్రున ఈడ్చుకుంటూ
అతని పక్కకొచ్చి కూచుంది.
గుండ్రం చెడింది.

నమాజు ముగిసి దర్జీ మెట్లెక్కాడు.
గుమ్మంలో కాసేపు నిలబడి
కుర్చీల మాటెత్తకుండా
దిగిపోయాడు.