నాలుగు మూరల మీద బెత్తెడు

నా మెడలో టేపుకి రెండు ముఖాలు.
పసుపు వైపు అంగుళాలు, తెలుపు వైపు సెంటీమీటర్లు.
పొద్దుగాల ఏది పైకి తిరిగితే
ఆ రోజంతా నాలుక మీద ఆ లెక్కే.

మస్కట్, మత్రా సూక్,
సముద్రానికి వీపు తిప్పిన మూడో సందు.
మా కచ్ఛీ సేటు గజం అడిగినవాళ్ళకి గజమే ఇస్తాడు,
బిల్లు మాత్రం మీటరుకి.
ఆ మిగులు ఎనిమిదిన్నర సెంటీమీటర్ల మీదే
దుకాణం నిలబడిందని గౌస్ నవ్వుతాడు.
నేను నవ్వను. నా జీతమూ అందులోదే.

రెండు పాయింట్ యాభై నాలుగు.
ఇంటి ఫోన్ నంబరు మరిచిపోతానేమో గానీ
ఇది మరువను.

మొన్న గురువారం ఉమ్ ఖల్ఫాన్ వచ్చింది
కిటికీ తెర కోసం, కాగితం ముక్క లేకుండా.
"ఖయ్యాత్, ఆరున్నర ధిరా" అంది.
బల్ల మీద మోచెయ్యి ఆనించి
గుడ్డని నడిమి వేలి కొస దాకా లాగి చూపించింది.

మూర!
ఎన్నేళ్ళయింది ఆ మాట చెవిన పడక.
సిరిసిల్ల బస్టాండులో మూర మల్లెపూలకి
పొడుగు చేతుల వజ్రవ్వ దగ్గరే మూగేవాళ్ళం,
పొట్టి చేతుల ఆమె పాపం
ఖాళీగా ఈగలు తోలుకునేది.

గౌస్ అప్పటికే మీటలు నొక్కేశాడు:
మూరకి నలభై ఐదు పాయింట్ డెబ్బై రెండు,
మొత్తం రెండు వందల తొంభై ఏడు.
ముసలమ్మ చెయ్యికి టేపు పెట్టాను. నలభై రెండు.
ఆరున్నర సార్లు, రెండు వందల డెబ్బై మూడు.
మధ్యలో ఒక జానెడు గుడ్డ
ఎవరిదీ కాకుండా పడి ఉంది.

"ఎక్కువే కోద్దాం భయ్యా" అన్నాడు గౌస్.
కిటికీని కొలిచిందీ ఆ చెయ్యే కదరా అన్నాను.
ఆమె చేతికే కోశాను.
శనివారం కబురొచ్చింది,
తెర గడప అంచుని తాకీ తాకనట్టు వేలాడుతోందట.
కబురుతో పాటు గిన్నెడు హల్వా.

ఆ రాత్రి షట్టర్ సగం దించి
నా మోచెయ్యి బల్ల మీద ఆనించాను.
ఎడమ చెయ్యి నడిమి వేలి కొస
ఇరవై రెండేళ్ళప్పుడు పవర్‌లూమ్ బెల్టు తినేసింది.
కాబట్టి నా మూర అంగుళం ముందే ఆగిపోతుంది.

తాత అనేవాడు:
ఎవరి మూరకి వాళ్ళు నాలుగు మూరలే,
రాజైనా, రాట్నం తిప్పేవాడైనా.
గోడకి నిలబెట్టి కొలవమన్నాను గౌస్‌ని,
నా చేతంత గుడ్డపేలిక ఇచ్చి.
ఒకటి, రెండు, మూడు, నాలుగు...
నాలుగూ కనుబొమ్మల దగ్గరే అయిపోయాయి.
పైన ఇంకా బెత్తెడు మిగిలాను.

మగ్గం ఒక్కసారి తీసుకున్న కణుపుని
నాలుగుసార్లు తిరిగిచ్చిందా ఏమిటి.

"బెత్తెడంటే ఎన్ని సెంటీమీటర్లు?" గౌస్ అడిగాడు, పెన్సిల్ చెవి మీంచి తీస్తూ.
పది ఉంటుందిలే, రాసుకోకు అన్నాను.
టేపుని మేకుకి తగిలించి లైటు తీసేశాను.
ఏ ముఖం ఇటు తిరిగిందో చూడలేదు.