చింతపండూ బూడిదా

మడగాస్కర్ దక్షిణాన
ఎర్రదుమ్ములో రెండు గంటలు పోతే మా దవాఖానా.
దవాఖానా అంటే ఒక రేకుల గది,
తలుపు మీద సున్నంతో గీసిన సిలువ,
లోపల ఒక తక్కెడ, నేను.

ఇక్కడా చింతచెట్లున్నాయి.
దిగిన రోజు చూసి ఎంత సంబరపడ్డానో!
చారు కాచుకోవచ్చు, ఇంగువ తెచ్చుకున్నాను కదా అని.
వారం తిరక్కుండానే తెలిసింది.
గుజ్జులో పొయ్యి బూడిద కలిపి
పులుపు చచ్చేదాకా పిసికి
పిల్లల నోట్లో పెడుతున్నారు.
ఆకలి తీరుతుందని కాదు,
కడుపు కాసేపు అడక్కుండా ఉంటుందని.
తర్వాత నా ఇంగువ డబ్బా మూత తీయలేదు.

నా పని చిన్నది.
మూడు రంగుల పట్టీ ఒకటి
పిల్లల జబ్బకు చుట్టి చదవాలి.
ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.
ఆకుపచ్చ పడితే
ఏమీ ఇవ్వకుండా ఇంటికి పంపాలి.
బిడ్డ బాగున్నాడంటే ఏడ్చే తల్లుల్ని
ఇక్కడే చూశాను.

జనవరిలో తొమ్మిదిమంది.
తొమ్మిదో పేరు రాస్తుంటే సిరా అయిపోయింది.
పెన్ను మీద అరిచాను.
ఎవరి మీద అరుస్తున్నానో తెలుసు,
ఆ పేరు ఎత్తలేక పెన్ను మీద.
రాత్రుళ్లు మోకాళ్లు వంగేవి,
మాట వంగేది కాదు.

సువాంబూల కొడుకుని తెచ్చింది బూడిద బుధవారం నాడు.
పాస్టరుగారు నలభై కిలోమీటర్ల అవతల ఉన్నారు.
ముసలి ఉపదేశి మహతుకి
పొయ్యిలో వేలు ముంచి
వరసలో అందరి నుదుటా గీస్తూ వచ్చాడు.
పిల్లాడి దగ్గర ఆగాడు.
వాడి పెదాల చుట్టూ అప్పటికే బూడిద.
"వీడికి ఎప్పుడో అయింది" అని
పక్కకి జరిగాడు.

వాడి పేరు త్సివేరి. తప్పిపోనివాడు అని అర్థమట.
పట్టీ ఎరుపు.

పాలపొడి కలుపుతూ చూశాను,
ఆమె నడుం గుడ్డలో ఒక ముడి.
విప్పించాను.
జొన్నలు. గుప్పెడు. విత్తనాలు.
"బిడ్డ ఇట్లా ఉంటే ఇవి దాచుకున్నావా?"
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.
ఆమె మళ్లీ ముడేసింది, ఒక్క గింజ జారకుండా.
"పెద్దవాడికి ఉడికించాను, పోయినేడు.
ఒక పూటకి వచ్చాయి."

పెద్దవాడు ఏడని నేనడగలేదు.

మా బైబిల్లో ఆశ అని ఉండేది కాదు,
నిరీక్షణ అని ఉండేది.
చిన్నప్పుడు నోరు తిరక్క
'నీ రక్షణ' అని చదివేదాన్ని.
సండే స్కూలు టీచరమ్మ నవ్వి దిద్దేది,
కాదే పిల్లా, ఎదురుచూడటం అని.
ఇన్నేళ్లకి మళ్లీ నోరు తిరగడం లేదు.
ఆశ ఎవరికైనా ఉంటుంది, నాకూ ఉంది,
ఓడ వస్తుందని, బస్తాలు దిగుతాయని.
ఆమె నడుముకి ఉన్నది ఆశ కాదు.
దానికి బరువుంది.
పడుకుంటే గుచ్చుకుంటుంది.

మట్టలాదివారం ముందు శనివారం పట్టీ పసుపు.
ఎరుపు దాటి రెండు గీతలు, అంతే.
వాన లేదు. మబ్బూ లేదు.
అదును దాటిందంటాడు మహతుకి.
సువాంబూల పొడినేలలో కర్రతో గుంటలు పొడుస్తోంది.
గుంటకి మూడు గింజలు, మడమతో మట్టి.
వెనకాలే నేను, నా చంకలో త్సివేరి.
తక్కెడ లేకుండా చెప్పగలను ఇప్పుడు,
ఏడు కిలోల రెండొందలు.

వాడు వంగి ఒక గింజ లాక్కున్నాడు.
ఆమె వాడి వేళ్లు ఒక్కొక్కటీ విప్పి తీసుకుంది.
కాసేపు అరచేతిలో చూసుకుంది.
మళ్లీ వాడి నోట్లోనే పెట్టింది.

ఆ గుంటలో రెండే పడ్డాయి.
దాన్ని నేను మూశాను.
మూస్తుంటే పెదాల మీద ఏదో కదిలింది.
ప్రార్థనే అనుకుంటాను.
గింజల లెక్క కూడా కావచ్చు.