రెండు బకెట్లు

సోమారం పొద్దున్న లాకప్పు నానే కడిగాను బాబూ.
గోడమూల ఎర్రగుంటే
ఎవడో కిళ్లీ ఉమ్మీసినాడనుకున్నాను.
రెండు బకెట్ల నీళ్లు పోసీసినాను.

మా రెల్లివీధి గుంటడు
గురువులు నెత్తురని
మజ్జేన్నం దాక తెల్నేదు.
ఆడు పెద్దాసుపత్రిలో
ఇంకా కళ్లు తెరవనేదు.

ఇయాల గజపతినగరం స్టేషన్ ముందర
పదకొండుమందిమి కూకున్నాం.
మొన్నటిదాక మా గంపల్లో సీతాపళ్లు
ఊరికే తిన్న కానిస్టేబులు
మా మొకాలెరగనట్టు
ఫోను సూసుకుంటన్నాడు.

"దాలమ్మా, లోపల ఊడ్చాల, రాయే"
ఎస్సై కేకేసినాడు.

లెగనేదు.
సీపురు ఒళ్లో ఎట్టుకున్నాను.

ఎంత కడిగినా
సున్నంలోకి ఇంకింది కొంచెముంటది బాబూ.
ఆ మూల ఒగ్గీండి.
జడ్జీగోరొచ్చి సూసేదాక
నాను కడగను,
ఇంకోల్ని కడగనియ్యను.