ఇంగ్వాల్డ్ పేరు మీద

గ్లవ్‌ని పళ్ళతో లాగి
హాల్డిస్ ఒక్క వేలు బయటపెట్టింది.
బొట్స్‌ఫ్యూర్ వెళ్ళే పడవ డెక్కు.
పగలంటూ లేని డిసెంబరు.
బారెంట్స్ సముద్రం ఉప్పునీళ్ళు
ఫోను అద్దం మీద పేలాల్లా చిట్లుతున్నాయి.

తప్పు చిన్నది. ఒక కామా.
ఈ దేశంలో పన్నెండున్నరను
పన్నెండు, కామా, ఐదు అని రాస్తారు.
కొత్త ప్రోగ్రాము ఆ కామాను మింగేసింది.
పొద్దున్నుంచీ చేపల పడవలన్నిటికీ
గాలి సెకనుకు నూట ఇరవై ఐదు మీటర్లని
హెచ్చరిక మీద హెచ్చరిక.
"ఆ గాలికి ఊరే లేచిపోవాలి కదా,
ఆరేసిన వల కూడా కదల్లేదే!" అని
వార్డో రేవులో పడీపడీ నవ్వారు.
నవ్వితే ఫరవాలేదు.
నవ్వి, రేపు నిజం గాలిని కూడా
నమ్మకపోతేనే భయం.

దిద్దుబాటు ఒక్క వరుస.
పడవెక్కక ముందే, కాఫీ చల్లారేలోపు
రాసింది, పంపింది.
కానీ రాసింది పడవలకు చేరాలంటే
ట్రోమ్సోలో ఒక నేలమాళిగలో
స్కీల పక్కన, సైకిళ్ళ పక్కన
కునుకుతున్న యంత్రం లేవాలి.
పాతదీ కొత్తదీ కలిపి వండి
ఉప్పు చూసి, మూత పెట్టి పంపాలి.
దాన్ని లేపే గంట
మొన్నటి నుంచి మోగడం లేదు.
వెళ్ళి తలుపు తట్టాలంటే రెండు రోజుల ప్రయాణం.
ఇక్కణ్ణుంచే తట్టాలి.

ఒక చిరునామా.
ఒక రహస్యపు మాట, నలభై అక్షరాలు,
ఏ భాషలోనూ అర్థం లేనివి
(చీటీ మీద రాసి ఫోను వెనక అంటించుకుంది,
ఎవరికీ చెప్పకండి).
చివర "లే" అనే ఒక్క క్రియ.
ఏపీఐ అంటే అంతే,
తలుపుకున్న సందు.
మనిషి పట్టదు, మాట పడుతుంది.

మొదటిసారి: నాలుగు వందల ఒకటి.
నువ్వెవరో తెలీదు పొమ్మంది.
వణికిన వేలు ఒక అక్షరాన్ని రెండుసార్లు కొట్టింది మరి.
రెండోసారి: రెండు వందల ఒకటి.
వరుసలో నిలబెట్టానంది.
అంతే. అవుతుందనలేదు, కాదనలేదు.
అప్పుడే కొండ అడ్డమొచ్చింది.
సిగ్నలు గీతలు ఒక్కొక్కటే కూర్చున్నాయి.

ఆ నేలమాళిగను హాల్డిస్ ఎన్నడూ చూడలేదు.
ఫ్యాను గట్టిగా తిరుగుతుందని విన్నది.
స్కీల కోసం దిగిన కుర్రాడెవడో
చీకట్లో ఆ గుయ్‌మన్న చప్పుడికి ఆగి
"ఇవాళ దీనికేమొచ్చింది" అనుకుని ఉంటాడు.

పక్క బెంచీ ముసలావిడ
ఎండుచేప తుంచి చేతిలో పెట్టింది.
"ఎవరి కోసం చూస్తున్నావు?"
"యంత్రం కోసం. పిలిచాను, లేచిందో లేదో."
"మా ఆయనా అంతే.
పిలిస్తే పలికేవాడు. లేచేవాడు కాదు."

మలుపు తిరిగాక ఒక గీత.
జాబు తడుముకుంటూ వచ్చింది:
నలభై ఒక్క పరీక్షలు, అన్నీ నెగ్గాయి.
పడవల తెరల మీద గాలి
పన్నెండున్నరకు దిగింది.
ఆ కింద, చిన్న అక్షరాల్లో,
మొదలుపెట్టినవారు: ఇంగ్వాల్డ్.

రహస్యపు మాట ఆయన పేరు మీదే ఉంది.
రిటైరై ఆరేళ్ళు.
మార్చాలి మార్చాలి అనుకోవడమే.

ఫోను మోగింది. ఆయనే.
"నేను బాత్రూం గోడకు రంగేసుకుంటున్నాను.
నేనేదో మొదలుపెట్టానని ఉత్తరమొచ్చింది.
నెగ్గానా?"
"నెగ్గారు."
"ఏం చేశానేంటి?"
"కామా పెట్టారు."
అవతల కాసేపు బ్రష్షు చప్పుడు.
"మొన్న అర్ధరాత్రి కూడా ఏదో చేశాను.
అప్పుడు ఓడిపోయాను. నిద్రపట్టలేదు."
మళ్ళీ బ్రష్షు.
"నా పేరు తీసేస్తావా?"

నియమం ప్రకారం తీసెయ్యాలి.
ఆరేళ్ళ కిందటే తీసెయ్యాలి.
బొట్స్‌ఫ్యూర్ దీపాలు దగ్గరవుతున్నాయి.
హాల్డిస్ గ్లవ్ తొడుక్కుంది.
"సరిగ్గా వినబడటం లేదు, ఇంగ్వాల్డ్" అంది,
నాలుగు గీతలూ
నిండుగా వెలుగుతుండగా.